గోడ మీది ఫొటో నుంచి స్క్వాడ్రన్ రికార్డు దాకా: యుద్ధ పైలట్ అయిన మీ బంధువు చరిత్ర వెతికే పద్ధతి

హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు కొన్ని ఇళ్లలో గోడకు యూనిఫాంలో ఉన్న ఒక పడుచు మనిషి ఫొటో వేలాడుతుంటుంది. "మా చిన్నతాత. విమానం నడిపేటోడట, యుద్ధంల పోయిండట" అన్నదగ్గర కథ ఆగిపోతుంది. ఏ యుద్ధం, ఏ విమానం, ఏ ఊరి మీద అని అడిగితే నలుగురు నాలుగు మాటలు చెప్తారు. ఆ నాలుగు మాటల్లో ఏది నిజమో కాగితాల మీద తేల్చుకోవడం ఎట్లాగో ఇక్కడ వరుసగా రాస్తున్నాం. వారం పది రోజుల్లో తెమిలే పని కాదు. ఉత్తరాలకు జవాబులు రావాలి, పాత లిపి చదివేవాళ్లు దొరకాలి.

మొదటే ఒక మాట. చాలామంది గూగుల్‌లో పేరు కొట్టి, ఏమీ రాకపోతే వదిలేస్తారు. వాయుసేన రికార్డులు పేరు మీద నడవవు. సర్వీస్ నంబరు, స్క్వాడ్రన్ (విమానాల దళం) నంబరు, తేదీ అనే మూడింటి మీద నడుస్తాయి. వీటిలో రెండు దొరికితే మూడోది దొరుకుతుంది. ఒక్కటీ లేకుండా ఏ ఆఫీసుకు రాసినా "వివరాలు చాలవు" అనే జవాబే వస్తుంది. అందుకే పని ఇంట్లోనే మొదలుపెట్టాలి.

1. ముందు ఇంట్లో వెతకాలి

ఇనుప సందూక, బీరువా అడుగు అర, దేవుడి అర్రలో పటాల వెనక, పొలం పాసుబుక్కులున్న సంచి, అన్నీ చూడాలి. ఆయన పెండ్లాం తరఫు వాళ్ల ఇంట్లో కూడా అడగాలి. భర్త పోయాక ఆమె పుట్టింటికి వెళ్లిన సందర్భాల్లో కాగితాలూ ఆమెతోనే పోయి ఉంటాయి. పుట్టింటి వైపు అడగకపోవడమే చాలా కుటుంబాలు చేసే తప్పు.

దొరికినవాటిలో ఏది ఎందుకు పనికొస్తుందంటే:

పెన్షన్ పే ఆర్డరు, అంటే పీపీఓ. దీని మీద సర్వీస్ నంబరు, ర్యాంకు, కుటుంబ పెన్షన్ మొదలైన తేదీ ఉంటాయి. ఒక్క కాగితంతో సగం పని అవుతుంది. అది పోయి ఉంటే పెన్షన్ పడ్డ బ్యాంకు పాసుబుక్కు మీదో, ఆ బ్రాంచిలోనో పీపీఓ నంబరు దొరకవచ్చు.

పతకాలు. భారత పతకాల అంచు మీద సన్నని అక్షరాల్లో నంబరు, ర్యాంకు, పేరు కొట్టి ఉంటాయి. భూతద్దం పెట్టి, టార్చి వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని చదవాలి. పై నుంచి లైటు వేస్తే అక్షరాలు కనపడవు.

టెలిగ్రాం. ఇందులోని మాటలను ఉన్నవి ఉన్నట్టే ఎత్తి రాసుకోవాలి. "మిస్సింగ్", "మిస్సింగ్ బిలీవ్డ్ కిల్డ్", "కిల్డ్ ఇన్ ఫ్లయింగ్ యాక్సిడెంట్" మూడూ వేర్వేరు. మొదటిదంటే జాడ తెలియలేదని అర్థం. రెండోదంటే ఎవరో కూలడం చూశారు గానీ దేహం దొరకలేదని. మూడోదంటే శత్రువు పని కాదు, ప్రమాదమని. యుద్ధకాలంలో శిక్షణలోనే చాలామంది పోయారు. అందులో చిన్నతనమేమీ లేదు, కానీ రికార్డు మాత్రం వేరే చోట ఉంటుంది.

ఉత్తరాల కవర్లు. లోపలి ఉత్తరంలో ఊరి పేరు రాయనిచ్చేవాళ్లు కాదు. కవరు మీది ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర, తేదీ మిగులుతాయి. కవర్లు పారేసి ఉత్తరాలు దాచుకున్న ఇళ్లే ఎక్కువ, ఏం చేస్తాం.

ఫొటో వెనక వైపు. స్టూడియో ముద్ర, ఊరు, కొన్నిసార్లు తేదీ ఉంటాయి. ఫ్రేములోంచి తీసేటప్పుడు ఫొటో అద్దానికి అతుక్కుని ఉంటే లాగొద్దు. అద్దంతో పాటే స్కాన్ చేయించాలి.

చివరిగా ఫ్లయింగ్ లాగ్‌బుక్, అంటే ఎగిరిన ప్రతిసారీ పైలట్ రాసుకునే పుస్తకం. అది దొరికిందా, మీ అదృష్టం. దాని గురించి కింద విడిగా చెప్తాం.

2. పెద్దవాళ్లను అడిగే తీరు

"తాత గురించి చెప్పు అవ్వా" అంటే పొగడ్త వస్తుంది, వివరం రాదు. చిన్న చిన్న ప్రశ్నలు అడగాలి. టెలిగ్రాం ఎవరు తెచ్చారు? అప్పుడు పొలంలో ఏ పంట ఉంది? బతుకమ్మకు ముందా తర్వాతా? మేడారం జాతర జరిగిన ఏడా, జరగని ఏడా? జాతర రెండేళ్లకోసారి కాబట్టి ఒక్క జవాబుతో సగం ఏళ్లు తీసేయొచ్చు. రజాకార్ల కాలమా, 1948 సెప్టెంబర్ పోలీసు చర్య అయ్యాకా? నెహ్రూ పోయిన ఏటికి, అంటే 1964కు ముందా? 1969 తెలంగాణ ఉద్యమంలో ఆయన సెలవు మీద వచ్చాడా?

అడుగుతూ ఫోన్‌లో రికార్డు చేసుకోండి, చెప్పి మరీ. ఒక్కో ఫైలుకు పేరు, తేదీ పెట్టండి. ఇద్దరిని ఒకేచోట కూర్చోబెట్టి అడగొద్దు. పెదబాపు చెప్పింది విని చిన్నాయన తన జ్ఞాపకాన్ని సరిదిద్దుకుంటాడు. విడివిడిగా అడిగి రెండు మాటలూ రాసుకుంటే, రెండిటికీ తేడా ఉన్నచోటే వెతకాల్సింది బయటపడుతుంది.

3. ఆయన నిజంగా పైలటేనా?

ఇబ్బందిగా ఉన్నా అడగాల్సిన ప్రశ్న. ఊళ్లో "విమానాల నౌకరీ" అంటే అందరూ పైలట్లే. విమానం ఇంజన్ చూసే ఫిట్టర్లు, తుపాకులు నింపే ఆర్మరర్లు, వైర్‌లెస్ ఆపరేటర్లు లేకుండా ఏ ఫైటరూ ఎగరలేదు. వాళ్లలో ఒకరైతే ఆయన చరిత్ర వేరే రికార్డులో ఉంటుంది.

ఫొటోలో ఎడమ జేబు పైన చూడండి. రెండు వైపులా రెక్కలున్న బ్యాడ్జి ఉంటే పైలట్. ఒకవైపే రెక్క ఉండి పక్కన గుండ్రంలో అక్షరం ఉంటే నావిగేటరో, గన్నరో. రెక్కల మీద కిరీటం ఉంటే 1950 జనవరికి ముందుది. అశోక సింహాలుంటే తర్వాతది.

చేతి అంచున పట్టీలు లెక్కపెట్టండి. ఒక సన్న పట్టీ పైలట్ ఆఫీసరు, ఒక వెడల్పు పట్టీ ఫ్లయింగ్ ఆఫీసరు, రెండు వెడల్పువి ఫ్లైట్ లెఫ్టినెంటు, రెండిటి నడుమ సన్నది ఉంటే స్క్వాడ్రన్ లీడరు, మూడు వెడల్పువి వింగ్ కమాండరు. భుజం కింద వీ ఆకారపు గీతలుంటే ఆయన ఆఫీసరు కాదు, ఎయిర్‌మన్ వర్గం. "పైలట్ ఆఫీసర్" అన్నది ర్యాంకు పేరు. విమానం నడపని శాఖల్లోనూ ఆ ర్యాంకు ఉండేది. ఈ ఒక్క మాట దగ్గర చాలామంది బోల్తా పడతారు.

కాగితాల మీద నంబరు తర్వాత జీడీపీ, అంటే జనరల్ డ్యూటీస్ పైలట్ అని గానీ, తర్వాతి కాలపు ఎఫ్‌పీ, అంటే ఫ్లయింగ్ పైలట్ అని గానీ ఉంటే ఇక సందేహం లేదు.

ఫొటోలో విమానం ఉంటే కాలం కూడా తేలుతుంది. భారత వాయుసేనకు స్పిట్‌ఫైర్లు 1944లో వచ్చాయి. మొదటి జెట్ అయిన వాంపైర్ 1948 నవంబర్‌లో వచ్చింది. హంటర్ 1957లో, నాట్ 1958లో, మిగ్-21 1963లో వచ్చాయి. జెట్ ముందు నిలబడ్డ ఫొటో కింద "బర్మా యుద్ధం" అని రాసి ఉంటే, రాసినవాళ్లు తర్వాతెప్పుడో ఊహించి రాశారన్నమాట.

4. "హైదరాబాద్ స్క్వాడ్రన్" అనే వల

మన ప్రాంతంలో ప్రత్యేకంగా వచ్చే తికమక ఇది. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో 110, 152, 253 స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరుండేది. 110కి 1918లో డీహెచ్-9ఏ విమానాలు కొనడానికి నిజాం డబ్బిచ్చారు. 152 స్పిట్‌ఫైర్లతో, 253 హరికేన్లతో 1940లో బ్రిటన్ మీద జరిగిన గగనయుద్ధంలో పోరాడాయి. 152 బ్యాడ్జి మీద నిజాం తలపాగా బొమ్మ ఉంటుంది. పేరు డబ్బిచ్చినందుకు వచ్చింది. ఎగిరినవాళ్లు ఎక్కువగా బ్రిటిష్, కామన్వెల్త్ పైలట్లు. కాబట్టి "తాత హైదరాబాద్ స్క్వాడ్రన్‌లో ఉన్నడు" అన్న మాటను కాగితం దొరికేదాకా పక్కన పెట్టండి.

రెండో తికమక బేగంపేట. లాగ్‌బుక్‌లోనో ఉత్తరంలోనో బేగంపేట కనపడగానే నిజాం కొలువులో పైలట్ అనుకుంటారు. రెండో ప్రపంచయుద్ధంలో 1వ ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ బేగంపేటలో ఉండేది. పంజాబీ, బెంగాలీ, మలయాళీ కుర్రాళ్లు కూడా టైగర్‌మాత్ అనే శిక్షణ విమానం మీద అక్కడే మొదటి పాఠాలు నేర్చుకున్నారు. అక్కడి నుంచి అంబాలాలో హార్వర్డ్ విమానం, ఆ తర్వాత రిసాల్పూర్, పెషావర్‌లలో 151 ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్‌లో హరికేన్. ఇదీ అప్పటి మెట్ల వరుస. వరంగల్ దగ్గరి మామునూరు ఏరోడ్రం పేరు కనపడినా అంతే. దిగిన చోటు, పనిచేసిన యూనిట్ ఒకటి కానక్కర్లేదు.

మూడోది స్క్వాడ్రన్ నంబరు. యుద్ధం ముగిసేనాటికి భారత వాయుసేనకు తొమ్మిది స్క్వాడ్రన్లు ఉండేవి: 1, 2, 3, 4, 6, 7, 8, 9, 10. నంబర్లలో 5 లేదు. భారత 5వ స్క్వాడ్రన్ 1948 నవంబర్‌లో పుట్టింది. బర్మాలో "5వ స్క్వాడ్రన్" అని ఇంట్లో ఎవరైనా చెప్తే, అది బ్రిటిష్ 5వ స్క్వాడ్రన్ అయ్యుండాలి, లేదా నంబరు తప్పయ్యుండాలి. 1వ స్క్వాడ్రన్ కూడా రెండు సేనల్లోనూ ఉండేది. 1944లో అర్జన్ సింగ్ నాయకత్వంలో ఇంఫాల్ నుంచి హరికేన్లు నడిపింది భారత 1వ స్క్వాడ్రన్. రికార్డు తెప్పించేటప్పుడు ఏ సేనదో రాయకపోతే వేరేవాళ్ల చరిత్రకు డబ్బు కడతారు.

5. పేరు ఎన్ని రకాలుగా ఉంటుందో ముందే రాసుకోండి

మన ఇంటిపేరు ముందుంటుంది. ఇంగ్లిష్ ఫారాల్లో ఇంటిపేరు చివర ఉండాలి. ఈ గొడవలో గుమాస్తా ఏం రాశాడో ఎవరికీ తెలియదు. ఉదాహరణకు ఇంటిపేరు చింతల, పేరు వెంకట రామారెడ్డి అనుకుందాం. రికార్డులో అది రెడ్డి సీవీఆర్ కావచ్చు, రామారెడ్డి సీవీ కావచ్చు, చింతల వీఆర్ కావచ్చు, ఉత్త వెంకట్ కూడా కావచ్చు. రెడ్డి ఆఖరున ఇంగ్లిష్ అక్షరం వై బదులు ఐ ఉంటుంది. రావులో ఓ తర్వాత డబ్ల్యూ చేరుతుంది. వెంకట్‌లో కే బదులు సీ ఉంటుంది. ముస్లిం కుటుంబాలైతే మొహమ్మద్ అన్న ఒక్క మాటకే నాలుగైదు స్పెల్లింగులు చూడాలి. ఒక కాగితం మీద అన్నీ రాసి, వెతికినవాటికి టిక్కు పెడుతూ పోండి. లేకపోతే వెతికిందే మళ్లీ మళ్లీ వెతుకుతారు.

ఊరి పేరూ అంతే. హన్మకొండకు ఇంగ్లిష్‌లో కనీసం మూడు స్పెల్లింగులున్నాయి. మహబూబాబాద్‌ను మానుకోట అని, నిజామాబాద్‌ను ఇందూరు అని రాసినవి ఉంటాయి. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది కాబట్టి "వరంగల్ జిల్లా" అని ఉంటే ఆ ఊరు ఇప్పుడు ఖమ్మంలో ఉండొచ్చు. 2016లో జిల్లాలు విడగొట్టాక, 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండ జిల్లా అయ్యాక, అర్జీలో పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ రాయడం మంచిది.

ఇక నిజాం కాలపు బడి సర్టిఫికెట్లు. ఉర్దూలో, ఫస్లీ సంవత్సరంతో ఉంటాయి. ఫస్లీకి 590 గానీ, నెలను బట్టి 591 గానీ కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1340 ఫస్లీ అంటే 1930-31. నెలల పేర్లు ఆజూర్, దై, బహమన్ అని మొదలవుతాయి. ఉర్దూ చదివే పెద్దమనిషిని పట్టుకుని మొత్తం చదివించుకోండి, తేదీ ఒక్కటే కాదు. తండ్రి పేరు, తాలూకా కూడా అందులోనే ఉంటాయి. బడిలో వేసిన పుట్టినతేదీ, సేనలో చెప్పిన పుట్టినతేదీ కలవకపోతే గాభరాపడొద్దు. వయసు సరిపోవడానికి మార్చి చెప్పినవాళ్లున్నారు.

6. రెండో ప్రపంచయుద్ధం అయితే

ప్రాణం పోయిన మనిషి గురించి అయితే మొదట కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్. ఉచితం. 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 మధ్య సర్వీసులో పోయినవాళ్లందరూ ఇందులోకి వస్తారు, ప్రమాదంలోనో జబ్బుతోనో పోయినవాళ్లతో సహా. ఏ దేశపు సేన అన్నచోట ఇండియా, సర్వీసు దగ్గర ఎయిర్ ఫోర్స్ ఎంచుకుని పేరు పెట్టకుండా వెతికితే జాబితా వస్తుంది. స్పెల్లింగు తంటా తప్పుతుంది. దేహం దొరకని వైమానికుల పేర్లు చాలావరకు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద ఉంటాయి. "మా తాత సింగపూర్‌కు పోనేలేదు" అని ఆ ఫలితాన్ని తోసేయొద్దు. ఆసియా ఆకాశంలో కనపడకుండా పోయినవాళ్ల పేర్లు ఎక్కడ పోయినా అక్కడే చెక్కారు.

ఢిల్లీ ఇండియా గేటు మీద వెతికి నిరాశపడేవాళ్లు ఎందరో. దాని మీదున్నవి మొదటి ప్రపంచయుద్ధం, 1919 అఫ్గాన్ యుద్ధం నాటి పేర్లు. రెండో యుద్ధంవి లేవు.

తర్వాతి మెట్టు స్క్వాడ్రన్ ఆపరేషన్స్ రికార్డు బుక్. లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అన్న శ్రేణిలో ఇవి ఉన్నాయి. డిజిటల్ కాపీలు ఇంటి నుంచే కొనుక్కోవచ్చు. ఒక్కో ఫైలు కొన్ని నెలలకు సంబంధించింది కాబట్టి తేదీ తెలియకుండా కొనొద్దు. ఇందులో రెండు ఫారాలుంటాయి. ఫారం 540 రోజువారీ డైరీ. వాన పడి ఎగరలేదు, ఫలానా ఆఫీసరు సెలవు మీద వెళ్లాడు వంటివి. ఫారం 541లో ఒక్కో ఎగురుడు ఒక్కో వరుస: విమానం నంబరు, పైలట్, పని, లేచిన టైం, దిగిన టైం. లేచిన టైం ఉండి దిగిన టైం గడి ఖాళీగా ఉన్న వరుస ఎదురైతే, అదే మీరు వెతుకుతున్నది. ఇంట్లో పెద్దవాళ్లకు చూపించే ముందు ఒకసారి ఆలోచించుకోండి.

ఇక్కడే టైం చిక్కు ఉంది. 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా దేశంలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. అంటే గ్రీన్‌విచ్‌కు ఆరున్నర గంటలు ముందు. కొన్ని యూనిట్లు స్థానిక టైం రాశాయి, కొన్ని గ్రీన్‌విచ్ టైం. లాగ్‌బుక్‌లో ఒకటి, రికార్డు బుక్‌లో ఇంకొకటి ఉంటే తేడా ఎన్ని గంటలో చూడండి. సరిగ్గా ఆరున్నర అయితే రెండూ నిజమే.

పతకాలు, ఆఫీసరు నియామకాల కోసం బ్రిటిష్ ప్రభుత్వ ప్రకటనల పత్రిక అయిన లండన్ గెజిట్‌ను ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. స్థానిక వార్తలకు గోలకొండ పత్రిక వంటి పాత పత్రికలు చూడాలి. హన్మకొండలో 1904 నుంచి ఉన్న శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటి పాత గ్రంథాలయాల్లో అడగండి. నిజాం ప్రభుత్వ కాగితాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఎక్కువగా ఉర్దూలో.

7. 1947 తర్వాతి యుద్ధాలైతే

దారి ఢిల్లీ వైపు మళ్లుతుంది. ముందు ఇంట్లో కూర్చుని చూసేవి చూడండి. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన నేషనల్ వార్ మెమోరియల్ వెబ్‌సైట్‌లో, స్వాతంత్ర్యం తర్వాత అమరులైనవాళ్ల పేర్లు వెతకొచ్చు. వీరచక్ర, మహావీరచక్ర వంటివి వస్తే రక్షణశాఖ గాలంట్రీ అవార్డ్స్ పోర్టల్‌లో దొరుకుతాయి. భారత్ రక్షక్ సైట్‌లో వాయుసేన ఆఫీసర్ల పట్టిక సర్వీస్ నంబర్లతో సహా ఉంది. అభిమానులు పెంచి పోషించే పట్టిక కాబట్టి జాడ పట్టడానికి వాడుకోండి, రుజువుగా చూపొద్దు. జాతీయ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో పాత ఫైళ్ల శీర్షికలు చూడొచ్చు.

పతకాన్ని బట్టి యుద్ధం తెలుసుకోవచ్చు. సమర్ సేవా స్టార్ అంటే 1965. పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ 1971వి, ఒకటి తూర్పు రంగానిది, ఒకటి పడమటి రంగానిది. జనరల్ సర్వీస్ మెడల్ మీద జమ్మూ కశ్మీర్ పట్టీ ఉంటే 1947-48.

ఆ తర్వాత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. వాళ్ల దగ్గర యుద్ధ చరిత్ర ఉండదు. వాళ్ల రిజిస్టర్లలో వితంతువు పేరు, నంబరు, పీపీఓ వివరాలు ఉండొచ్చు. మీ అర్జీని సరైన చోటికి పంపే దారి కూడా వాళ్లే చెప్తారు. ఎయిర్‌మెన్ రికార్డులు ఢిల్లీ సుబ్రతో పార్కులోని ఎయిర్ ఫోర్స్ రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. ఆఫీసర్లవి ఎయిర్ హెడ్‌క్వార్టర్స్ చూస్తుంది. పైలట్ కోసం రికార్డ్ ఆఫీసుకు రాస్తే నెలలు వృథా.

మొదట మామూలు ఉత్తరం రాయండి. బంధుత్వం రుజువు, మరణ ధ్రువపత్రం లేదా టెలిగ్రాం నకలు జతచేయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు, కేంద్రం ఆన్‌లైన్ పోర్టల్‌లో కట్టొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు మామూలుగా 500 మాటలు దాటకూడదు. ఇంగ్లిష్‌లోనే రాయండి. ప్రశ్నలు ఈ తీరున ఉండాలి:

ఫలానా నంబరు గల ఆఫీసరు కమిషన్ పొందిన తేదీ, శాఖ.
ఆయన పనిచేసిన యూనిట్లు, తేదీలతో.
మరణించిన లేదా కనపడకుండా పోయిన తేదీ, స్థలం, విమానం రకం, తోక నంబరు.
వచ్చిన పతకాలు, వాటి ప్రశంసాపత్రాల నకళ్లు.
ఆ యూనిట్ రికార్డులు జాతీయ ఆర్కైవ్స్‌కు బదిలీ అయి ఉంటే ఫైలు నంబర్లు.

"ఎందుకు చనిపోయాడు", "బాధ్యులెవరు" అని అడగొద్దు. చట్టం కింద ఉన్న కాగితం ఇస్తారే గానీ సంజాయిషీ ఇవ్వరు. కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ (సేన జరిపే విచారణ) నివేదికను కూడా ఇదే దరఖాస్తులో కలపొద్దు. ఆ ఒక్క ప్రశ్న వల్ల మిగతావాటి జవాబులూ చిక్కులో పడొచ్చు. కావాలంటే దాన్ని విడిగా అడగండి. వ్యక్తిగత సమాచారమని తిప్పికొడితే, 30 రోజుల్లో మొదటి అప్పీలు చేసి 8(3) సెక్షన్ ఎత్తిచూపండి. 20 ఏళ్లు దాటిన సంఘటనల సమాచారానికి ఆ చట్టంలోని మినహాయింపుల్లో చాలావరకు వర్తించవు. దేశభద్రత వంటి కొన్ని మాత్రం అప్పుడూ ఉంటాయి. 2021 జూన్‌లో రక్షణశాఖ తెచ్చిన విధానం ప్రకారం యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లలో బహిరంగపరచాలి. 1965, 1971 గురించి రాసేటప్పుడు ఆ మాట కూడా జతచేయండి.

8. లాగ్‌బుక్ చదవడం

ఎడమ పేజీలో తేదీ, విమానం రకం, నంబరు, పైలట్, రెండో మనిషి, పని. కుడి పేజీలో గంటలు: పగలు, రాత్రి, గురువుతో, ఒంటరిగా. పైలట్ గడిలో "సెల్ఫ్" అని ఉంటే ఆయనే నడిపాడు. వేరే పేరుండి రెండో గడిలో సెల్ఫ్ ఉంటే నేర్చుకుంటున్నాడు. మొదటిసారి రెండో గడిలో "సోలో" అని పడ్డ తేదీని విడిగా రాసుకోండి. ఇంట్లోవాళ్లకు పతకాల కన్నా అది నచ్చుతుంది.

పని గడిలో పొట్టి మాటలుంటాయి. డీసీఓ అంటే చెప్పిన పని పూర్తయింది, డీఎన్‌సీఓ అంటే కాలేదు. టాక్-ఆర్ అంటే సేనల కదలికలను చూసి రావడం. ఐఎఫ్ అంటే కిటికీ బయటకు చూడకుండా మీటర్లను బట్టి నడపడం. ఎర్ర సిరా మామూలుగా రాత్రి ఎగిరినవాటికి. కొన్ని యూనిట్లలో యుద్ధంలో ఎగిరినవాటికీ అదే వాడారు. కాబట్టి ఎర్రగా ఉన్నవన్నీ యుద్ధమే అని లెక్కేయకముందు రాత్రి గంటల గడి చూడండి.

నెలాఖరున మొత్తం గంటలు, ఫ్లైట్ కమాండర్ సంతకం ఉంటాయి. స్క్వాడ్రన్ పేరు అక్కడే రాసి ఉంటుంది. చివరి పేజీలో ఆఖరి ఎగురుడు వేరే చేతిరాతతో ఉంటే ఆశ్చర్యపోవద్దు. ఆయన తిరిగి రాకపోతే తోటివాళ్లెవరో పూర్తిచేసి ఇంటికి పంపేవాళ్లు.

9. దొరికినదాన్ని రాసుకునే పద్ధతి

ఒక నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: తేదీ, ఏం జరిగింది, ఎక్కడ దొరికింది, ఎంత నమ్మకం. మూడో గడిలో ఫైలు నంబరు, పేజీ నంబరు రాయకపోతే ఏడాది తర్వాత మీరే పోల్చుకోలేరు. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాయని రెండు కాగితాలు ఒకే మాట చెప్తేనే "ఖాయం" అని రాయండి. టెలిగ్రాం, దాన్ని చూసి వేసిన పత్రిక వార్త రెండూ ఒక్కటే లెక్క. కూల్చిన శత్రువిమానాల సంఖ్య దగ్గర మరీ జాగ్రత్త. గాలిలో ఆ తొందరలో ఒకే విమానాన్ని ఇద్దరు తామే కూల్చామనుకోవడం అన్ని దేశాల వాయుసేనల్లోనూ జరిగింది.

10. కాగితాలను, పతకాలను కాపాడటం

పతకాలను చింతపండుతో, పీతాంబరి పొడితో తోమొద్దు. పండుగకు ఇత్తడి సామానుతో కలిపి తోమి, అంచు మీది పేరు అరగదీసిన ఇళ్లున్నాయి. నల్లబడితే నల్లగానే ఉండనివ్వండి. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. రిబ్బను ఉతకొద్దు.

ఉత్తరాలను లామినేషన్ చేయించొద్దు. ఆ వేడికి సిరా మారుతుంది, మళ్లీ విడదీయలేరు. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయండి. సెల్లోటేపు వేయొద్దు. ఫొటోలను 600 డీపీఐలో, ఉత్తరాలను 300 నుంచి 400 డీపీఐలో రంగుల్లోనే స్కాన్ చేయించండి, టిఫ్ ఫార్మాట్‌లో. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. మూడు కాపీలు ఉండాలి. అందులో ఒకటి వేరే ఊళ్లోని బంధువు దగ్గర.

అసలు కాగితాలను ఆమ్లం లేని కవర్లలో పెట్టి బీరువా నడిమి అరలో ఉంచండి. అడుగు అరకు చెదలు, వాన తేమ. పై అరకు మన ఎండాకాలపు వేడి. డాంబరు గోళీలు కాగితానికి, ఫొటోకు తగలకూడదు. వానాకాలం ముగిశాక ఒకసారి తీసి చూడండి, ఎండలో మాత్రం ఆరబెట్టొద్దు.

11. తలచుకోవడం

దేహం రాని ఇళ్లలో తిథి తెలియక ఎన్నో ఏళ్లు పెత్రమాస నాడే బియ్యం ఇస్తుంటారు. తిథి తెలియనివాళ్లకు ఆ అమావాస్య ఉండనే ఉంది. ఇప్పుడు మీకు తేదీ, టైం, స్థలం దొరికితే సిద్ధాంతికి మూడూ ఇవ్వండి. టైం గ్రీన్‌విచ్‌దో ఇక్కడిదో తేల్చి మరీ ఇవ్వాలి, గంటల తేడాతో తిథి మారవచ్చు. రికార్డులో ఉన్నది కనపడకుండా పోయిన రోజు. "మరణించినట్టు భావించడమైనది" అన్న కాగితం తేదీ నెలల తర్వాతది, దాని మీద తిథి కట్టించుకోవద్దు. ఇన్నేళ్లు చేసిన పెత్రమాసను మానాలా అన్నది ఇంట్లో పెద్దవాళ్లు చూసుకుంటారు.

ఊళ్లో శిలాఫలకం పెట్టదలిస్తే గ్రామపంచాయతీ తీర్మానం తీసుకోండి. బడిలో అయితే ప్రధానోపాధ్యాయుడితో పాటు విద్యాశాఖ అనుమతి కూడా కావాలి. కరీంనగర్ గ్రానైట్ మీద చెక్కిన తప్పును చెరపలేరు. కాబట్టి పేరు, ర్యాంకు, సర్వీస్ నంబరు, స్క్వాడ్రన్, తేదీ, స్థలం మాత్రమే రాయండి, అదీ "ఖాయం" అని రాసుకున్నవే. చెక్కేముందు అక్షరాలు కాగితం మీద అసలు సైజులో రాయించి, ఇంట్లో ఇద్దరు, బయట ఒకరు చదవాలి. తెలుగులో "స్క్వాడ్రన్" ఒత్తులు తప్పడం మామూలు.

నేషనల్ వార్ మెమోరియల్‌లో కుటుంబసభ్యులు పుష్పగుచ్ఛం ఉంచే కార్యక్రమం ఉంది, సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా అడగొచ్చు. అక్కడి పేర్లలో స్పెల్లింగు తప్పు కనపడితే పతకం అంచు ఫొటో, పీపీఓ నకలు జతచేసి సరిదిద్దమని రాయండి. మీ నోట్‌బుక్ నకలు ఒకటి ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి, మీ ఫోన్ నంబరుతో. అదే స్క్వాడ్రన్‌లో ఎగిరిన ఇంకొకరి మనవరాలు ఎక్కడో ఇదే పేజీ కోసం వెతుకుతుండవచ్చు. ఆమె దగ్గరున్న గ్రూప్ ఫొటోలో మీ తాత రెండో వరుసలో నిలబడి ఉండవచ్చు.